ఆవిడ గుండె ముక్కలు, నా టెలిగ్రాఫు మీట

లాబొరేటరీ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ కాలంలో ఎలా చేసేవారని అడుగుతారు. నేను బాటరీల సంగతీ, కిరసనాయిలు దీపంతో గుడ్లు పొదిగించిన సంగతీ చెబుతాను. నవ్వుకుని కాఫీ తాగి వెళ్లిపోతారు. అసలు సంగతి వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు. అది యంత్రాల గురించి కాదు. ఒక మనిషిని చూసి నేను కుళ్లుకున్న కథ.

అప్పుడు నేను రాయగడ స్టేషన్లో టెలిగ్రాఫు గుమాస్తాను. మా నాన్నగారు కోస్తా నుంచి మిషన్ బడిలో పంతులుగా వచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఒక రోజు కొరాపుట్ ఆస్పత్రి డాక్టరుగారు మద్రాసుకు తంతి ఇవ్వడానికి వచ్చారు. కాగితం నా చేతికిచ్చి కూడా వెళ్లకుండా కిటికీ దగ్గరే నిలబడ్డారు. నేను మీట కొడుతుంటే నా మణికట్టు వైపే చూస్తున్నారు.

"అలా సమంగా ఎంతసేపు కొట్టగలవోయ్?"

"బండి లేటయితే పొద్దంతా కొడతానండీ."

"కోడిపిల్ల గుండెకు కొట్టగలవా?"

ఆయనకు ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. నీళ్లు తాగుతూ ఆయన ఒక రోగి సంగతి చెప్పారు. ఘాటు రోడ్డు పనిలో రాళ్లు మోసే కొండ మనిషి. మలేరియా మెదడుకెక్కి స్పృహ తప్పితే డోలీలో మోసుకొచ్చారు. డాక్టరుగారు క్వినైను సూదితో ఒకేసారి నరంలోకి ఎక్కించారు. సూది ఇంకా నరంలో ఉండగానే గుండె ఆగిపోయింది. అతని వాళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు. అదే డోలీలో శవాన్ని పెట్టుకుని కొండెక్కి వెళ్లిపోయారు.

"జ్వరం చంపిందా, మందు చంపిందా? ఎవరూ నన్ను అడగలేదు. అందుకే నిద్ర పట్టడం లేదు" అన్నారాయన.

ఆయన అనుకున్న పరీక్ష ఇదీ. గుడ్డులో పెరిగే పిండం నుంచి గుండెను తీసి, సన్నటి ముక్కలుగా కోసి, గాజు బిళ్ల మీద చుక్కంత పోషక ద్రవంలో బతికించాలి. బతికితే చుట్టూ కొత్త కణాలు పాకుతాయి. ముక్క మొత్తం తనంతట తానే కొట్టుకుంటుంది. దాని సొంత వేగం కన్నా కాస్త ఎక్కువ వేగంతో కరెంటు దెబ్బలు ఇస్తే, అది తన నడక మానుకుని మన నడక పట్టుకుంటుంది. మందు కలిపిన తర్వాత కూడా పట్టుకోగలదా లేదా అన్నది చూడాలి. ఆ దెబ్బలు సమంగా పడాలి. దానికి యంత్రం కొనే స్తోమత ఆస్పత్రికి లేదు. ఆయనకు దొరికింది నా మణికట్టు.

రైల్వే ఉద్యోగం వదిలి కొండమీదికి వెళతానంటే మా ఆవిడ, "పింఛనొచ్చే పని మానేసి గుడ్ల కొట్లో చేరతారా?" అని నెత్తి కొట్టుకుంది. అయినా వెళ్లాను. డాక్టరుగారు నన్ను ఎంచుకున్నారు. అంతకుముందు నన్ను ఎవరూ దేనికీ ఎంచుకోలేదు.

కొరాపుట్ ఆస్పత్రి వెనక, మందుల సామాను పెట్టుకునే పెంకుటింట్లో ఒక గది మా లాబొరేటరీ. కొండమీదికి కరెంటు వచ్చిన కొత్త. అది ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి నేను బాటరీలనే నమ్ముకున్నాను. బాటరీ, కాయిల్, మీట, రెండు తీగలు. రైల్వేలో నేర్చిన విద్యే. మీట నొక్కినప్పుడు చిన్న దెబ్బ, వదిలినప్పుడు పెద్ద దెబ్బ. ఆ వదలడంలోనే ఉంది పనితనమంతా. కొన్ని నెలల్లో నా సరంజామా సిద్ధమైంది. కానీ కొట్టడానికి గుండె ఏదీ? డాక్టరుగారు ఒకసారి, నేను ఒకసారి కోసి పెట్టేవాళ్లం. మర్నాటికి ముక్కలు బూజు పట్టేవి. లేదా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేవి.

అప్పుడు వచ్చింది సిస్టరుగారు.

గుణుపూర్ దగ్గర పల్లెలో వ్యవసాయదారుల బిడ్డ. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ పొలాలు చేసుకున్నారు. మిషన్ ఆస్పత్రిలో నర్సు చదివి, ఆపరేషన్ గదిలో పనిచేసేది. నాకన్నా చిన్నది, నా తర్వాత చేరింది. వచ్చిన వారంలోనే గదికి సున్నం వేయించింది. కిటికీకి తడిగుడ్డ కట్టించింది. కత్తెరలు ఉడికిస్తున్నంతసేపూ మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. ఒక ఉదయం నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"సూడండి మాస్టారూ. కదలకండి, ఊపిరి కూడా మెల్లగా ఒగ్గండి."

తంతి పని చేసినవాణ్ని కాబట్టి ఆవిడ నన్ను మాస్టారూ అనేది. చూశాను. ఆవగింజలో సగం కూడా లేని ముక్క. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. మళ్లీ ముడుచుకుంటోంది. దాని వెనక కోడి లేదు, గుడ్డు లేదు, నెత్తురు లేదు. గాజు మీద ఒంటరిగా పడి ఉండి కూడా తన పని తాను చేసుకుపోతోంది. ఒళ్లు ఝల్లుమంది. ఆ మరుక్షణమే నాలో ఇంకేదో కూడా కదిలింది. ఇది నా చేతిలో ఎందుకు జరగలేదు?

ఆ రోజు నుంచి ఆ మంట ఆరలేదు.

డాక్టరుగారు పొద్దున రాగానే పొదిగే పెట్టె దగ్గరికి వెళ్లి, "సిస్టర్, మన పిల్లలు ఎలా ఉన్నారు?" అనేవారు. తర్వాత నా బల్ల వైపు తిరిగి, "బాటరీ ఉందా?" అనేవారు. ఎప్పుడూ అదే వరస. ఆస్పత్రి చూడటానికి ఎవరు వచ్చినా ఆవిడ మైక్రోస్కోపు దగ్గర వంగి "అబ్బ!" అనేవారు. కరెంటు కంటికి కనిపించదు కదా. నన్ను చూసి, "ఈయనేం చేస్తారు?" అని అడిగేవారు.

మొదట్లో నా తీగలే ఆవిడ ముక్కల్ని చంపేశాయి. వట్టి లోహపు తీగను చుక్కలో ముంచి దెబ్బలిస్తే బుడగలు లేచి, ద్రవం విషమైపోయేది.

"ఏటండీ మాస్టారూ, నా గుంటల్ని ఉడకబెట్టీసేరు!" అని ఆవిడ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. గుంటలంటే వాళ్ల వైపు పిల్లలు.

దానికి ఉపాయం నేనే కనిపెట్టాను. పక్కగదిలో సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ ఉండేది. దాన్ని ఉప్పునీటిలో కాచి సన్నటి గాజు గొట్టాల్లో నింపాను. తీగ ఒక కొసకే ఆగుతుంది, రెండో కొస నుంచి కరెంటు మాత్రమే చుక్కలోకి పోతుంది. ఆ మధ్యాహ్నమంతా కొట్టినా ముక్క చెక్కుచెదరలేదు. నా మీట ఎలా అంటే అలా ఆడింది. డాక్టరుగారు చూసి ఉప్పొంగిపోయారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"భేష్ సిస్టర్! ఎంత గట్టి ముక్క పెంచావమ్మా!"

ఆ పూట ఇంటికి వెళ్లి అన్నం సగంలో వదిలేశాను. మా ఆవిడకు అంతా చెప్పాను. మర్నాడూ చెప్పాను. ఆ మర్నాడూ చెప్పాను. నాలుగో రోజు ఆమె గరిటె కింద పెట్టి, "కంచం ముందు కూర్చుంటే ఆవిడ సంగతే, పడుకుంటే ఆవిడ సంగతే. నాతో ఏమైనా చెప్పదలుచుకున్నారా?" అంది. నాకు ఆ సిస్టరు అంటే గిట్టదని మా ఆవిడను నమ్మించడానికి నెల పట్టింది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ వానాకాలంలో తగిలింది. చలిజ్వరం వచ్చి నేను వారం రోజులు మంచం దిగలేదు. తిరిగి వెళ్లి చూస్తే పని ఆగలేదు. నా స్టూలు మీద సిస్టరుగారు కూర్చుని, ఒక కన్ను మైక్రోస్కోపుకు పెట్టి, నా మీట కొడుతోంది. ముక్క ఆవిడ చేతి నడకను బుద్ధిగా పట్టుకుంది.

"బాగోలేదండి, మీలాగ రాదు నాకు" అంటూ లేచింది.

బాగానే ఉంది. నేను చూశాను కదా. ఆవిడ నా పని చేయగలదు, ఆవిడ పని నేను చేయలేను. ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి కూడా ఇష్టపడలేదు. ఆదివారం ప్రార్థనలో పొరుగువాడి సొత్తు ఆశించరాదని చదువుతుంటే ఇల్లూ ఎద్దూ గాడిదా అన్నీ వచ్చాయి. చేతి పనితనం మాట రాలేదని కాస్త ఊరట పొందాను.

ఫలితాలు మెల్లగా ఒక దారికి వచ్చాయి. మందు కొద్దిగా ఉంటే ముక్క మీట వెంట నడిచేది. మందు పెరిగితే వేగం అందుకోలేక తడబడేది. ఇంకా పెరిగితే ఎంత కొట్టినా పలికేది కాదు. గబగబా ఎక్కిస్తే గుండెకు ఒకేసారి అంత మందు చేరుతుందన్నమాట. డాక్టరుగారు పైవాళ్లకు తెలియజేశారు. నమ్మలేదు. చివరికి వైద్యశాఖలో పెద్దాయన ఒకరు విశాఖపట్నం నుంచి స్వయంగా వచ్చి చూస్తామన్నారు. ఆయనకు నచ్చితే నరంలోకి క్వినైను ఎక్కించే పద్ధతి మార్చమని అన్ని ఆస్పత్రులకూ చెబుతారు. నచ్చకపోతే మా గదిలో మళ్లీ మందుల పెట్టెలు పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఇక్కడి నుంచి ఒకరిని విశాఖపట్నం లాబొరేటరీకి తీసుకుంటారట. ఒక్కరినే. అది వినగానే మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని, చటుక్కున పనిలో పడ్డాం.

సరిగ్గా అప్పుడే కోళ్లకు తెగులు తగిలింది. కొరాపుట్ చుట్టుపక్కల ఊళ్లలో పుంజులూ పెట్టలూ మెడలు వాల్చేశాయి. లక్ష్మీపూర్ సంతకు వెళితే గుడ్లు అమ్మే మనిషి ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. చేతులు తిప్పింది, అంతే.

"మావోళ్ల ఊర్లో ఇంకా తెగులు రాలేదట. ఎల్లి తెచ్చెత్తాను" అంది సిస్టరుగారు.

డాక్టరుగారు నన్ను కూడా తోడు పంపారు. రాయగడ మీదుగా గుణుపూర్ వెళ్లాం. వాళ్లమ్మ ఇల్లిల్లూ తిరిగి గుడ్లు పోగుచేసి, ఊక పోసిన రెండు బుట్టల్లో సర్దింది. బస్సులో ఒకటి ఆవిడ ఒళ్లో, ఒకటి నా ఒళ్లో. ఘాటు ఎక్కుతుంటే ప్రతి మలుపుకూ బస్సు ఊగిపోతోంది.

"బుట్ట బిగబట్టి పట్టుకోకండి మాస్టారూ. బస్సుతోపాటు మీరూ ఊగండి. అప్పుడు గుడ్డుకి కుదుపు తగల్దు."

"నాకు తెలుసు" అన్నాను. తెలియదు. అయినా బిగబట్టే పట్టుకున్నాను.

కొన్నాళ్లు పెట్టెలో పొదిగించాక దీపానికి అడ్డం పెట్టి చూశాం. బతికిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఆవిడ బుట్టలోవి చాలామటుకు నరాలు కట్టాయి. నా బుట్టలో ఒక్కటీ లేదు. ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదైనా అనేవాణ్ని.

వాటిలో కూడా, పెద్దాయన వచ్చే నాటికి నమ్మదగిన ముక్క ఒకటే మిగిలింది.

పెద్దాయన జీపు దిగుతూనే, ఘాటు రోడ్డును తిట్టి, భోజనం ఎన్నింటికని అడిగారు. మా గదిలోకి వచ్చి నా మీట చూసి, "ఇదేమిటి, పోస్టాఫీసా?" అన్నారు. ఆయన మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. నేను కొట్టడం మొదలుపెట్టాను. ముక్క నా నడక పట్టుకుంది. వేగం పెంచాను, అదీ పెంచింది. పెద్దాయన 'ఊఁ' అన్నారు. సిస్టరుగారు మందు కలిపింది. కాసేపు ఆగి మళ్లీ కొట్టాను. ముక్క తడబడింది. ఒక దెబ్బకు పలికి ఒక దెబ్బ వదిలేసింది. తర్వాత పూర్తిగా ఊరుకుంది. నేను కొడుతూనే ఉన్నాను.

పెద్దాయన తలెత్తారు. "మీ వైరు ఊడినట్టుంది."

నాకు చెవులు కాలాయి. రెండు తీగల కొసలూ నా నాలుక మీద పెట్టుకుని మీట వదిలాను. కళ్ల ముందు నిప్పురవ్వలు రాలాయి. డాక్టరుగారు కంగారుగా నా భుజం పట్టుకున్నారు.

"కరెంటు ఉంధండీ" అన్నాను నాలుక తిరక్క.

"అయితే మీ ముక్కే చచ్చింది. కోళ్ల తెగుళ్ల రోజులు, గుడ్డే పనికిరానిదేమో. మందుదే తప్పని ఎలా అంటారు?"

వేరే ముక్క లేదు. సిస్టరుగారు ముందుకు వచ్చింది.

"సచ్చిపోలేదండి. మందు కడిగీసి సూపిత్తాను. బతికే ఉంటే మళ్లీ పలుకుతాది."

కడగడమంటే మాటలు కాదు. పాత ద్రవం లాగేస్తుంటే ముక్క కూడా కొట్టుకుపోవచ్చు, వేడి తేడా వస్తే నిజంగానే చావచ్చు. ఆవిడ సన్నటి గొట్టంతో చుక్క తీసి చుక్క పోస్తోంది. నేను మీట మీద వేలు పెట్టుకుని చూస్తున్నాను. నా తీగలు మంచివని ఇప్పటికే తేలిపోయింది. ఇప్పుడు ఈ ముక్క లేవకపోతే తప్పు ఆవిడదే. విశాఖపట్నం వెళ్లేది నేనే. ఆ ఆలోచన వచ్చింది. రాలేదని ఎలా అనను? దాని వెనకాలే డోలీ గుర్తొచ్చింది. లేవకపోతే రేపు ఇంకో మనిషి నరంలోకి మందు అదే వేగంతో ఎక్కిస్తారు.

"కొట్టండి మాస్టారూ."

కొట్టాను. ఏమీ లేదు. మళ్లీ, మళ్లీ. పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపారు. అంతలో ఆవిడే కన్ను పెట్టి చూసి, నా మోచేతిని తట్టింది. పెద్దాయన మళ్లీ వంగారు.

"కదులుతోంది" అన్నారు. తర్వాత, "పట్టుకుంది" అన్నారు.

నా చెయ్యి తడబడింది. అన్నేళ్లలో నేను నడక తప్పడం అదే మొదలు.

"సమంగా మాస్టారూ, సమంగా" అంది సిస్టరుగారు.

పెద్దాయన చాలాసేపు లేవలేదు. లేచాక డాక్టరుగారి వైపు తిరిగి, ఇదంతా ఎందుకు మొదలుపెట్టావని అడిగారు. డాక్టరుగారు ఆ కొండ మనిషి సంగతి చెప్పారు. "నేను వేగంగా ఎక్కించానండీ. అందరూ అలాగే ఎక్కిస్తారు" అన్నారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేనూ అలాగే ఎక్కించేవాణ్ని" అన్నారు. భోజనం చల్లారిపోయిందని కబురొచ్చినా ఇద్దరూ కదల్లేదు.

ఆ తర్వాత కొద్దికాలానికే ఆదేశం వచ్చింది. క్వినైను నరంలోకి నేరుగా సూదితో తొయ్యకూడదు, సెలైన్‌లో కలిపి బొట్టుబొట్టుగా, గంటల మీద ఎక్కించాలి. దానితోపాటే సిస్టరుగారిని విశాఖపట్నానికి పిలిచారు. అక్కడ దెబ్బలు కొట్టడానికి యంత్రం ఉందట. మనిషి అక్కర్లేదట.

ఆవిడను సాగనంపడానికి రాయగడ స్టేషనుకు వెళ్లాను. నా పాత కిటికీలో వేరే కుర్రాడు మీట కొడుతున్నాడు. బండి వచ్చేదాకా సామాను దగ్గర నిలబడ్డాం. ఆవిడే అంది.

"నామీద మీకు కడుపుమంటని నాకు ముందునుంచీ తెలుసు మాస్టారూ."

నేను వంగి ఆవిడ సామాను అందుకున్నాను.

"కోపంగా ఉన్నపుడే మీ సెయ్యి బలే సమంగా ఆడతాది. అందుకే పెద్ద పరీచ్చ ఉన్న పొద్దు నేను కావాలని ఏదో ఒకటి అనీసేదాన్ని. ఆ పెద్దాయనొచ్చిన రోజు అనడం మరిసిపోనాను" అని నవ్వి రైలు పెట్టెలోకి ఎక్కేసింది.

ఆవిడ లేకుండా ముక్కలు బతకలేదు. గది మూతపడింది. డాక్టరుగారు నన్ను ఆస్పత్రిలోనే రక్తం, మూత్రం పరీక్షలకు పెట్టుకున్నారు. రిటైరయ్యేదాకా అదే నా పని.

కొన్నేళ్లకు నాకూ మలేరియా తలకెక్కింది. ఎన్నాళ్లు స్పృహ లేదో తెలియదు. కళ్లు తెరిచేసరికి పక్కన సెలైన్ సీసా వేలాడుతోంది. అప్పుడే చదువు ముగించి వచ్చిన నర్సమ్మాయి ఒకతె స్టూలు వేసుకుని కూర్చుని, ఒక చేత్తో నా నాడి పట్టుకుని, గొట్టంలో రాలే బొట్లనే చూస్తోంది. మా ఆవిడ మంచం అవతల నిలబడి ఆ పిల్లను తొందరపెడుతోంది.

"ఎందుకమ్మా ఇంత నిదానం? కాస్త గబగబా ఎక్కించరాదూ, మనిషి కాలిపోతున్నాడు."

"గబగబా ఎక్కిత్తే గుండె ఆగిపోతాదమ్మా. విశాఖపట్నంలో మాకు ఒక సిస్టరుగారు నేర్పేరు. ఆవిడే కనిపెట్టేరంట ఇదంతా."

ఆవిడొక్కతే కాదని చెప్పాలని ఎంత ప్రయత్నించానో! నాలుక పిడచకట్టుకుపోయి ఒక్క ముక్క బయటికి రాలేదు. ఏదో గొణిగితే, సంధి మాటలనుకుని ఆ పిల్ల నా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది. జ్వరం తగ్గాక నింపాదిగా చెబుదామనుకున్నాను. తగ్గేసరికి ఆ అమ్మాయిని గుడారి ఆస్పత్రికి మార్చేశారు.